దివాన్‌కు ఆరింటి సూది

పిల్లికి చక్కెర వ్యాధి వచ్చిందంటే నవ్వకుండా వినేవాళ్ళను హైదరాబాదులో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునని హన్నాకు ఆ సంవత్సరమే తెలిసింది. అందరికంటే ముందు నవ్వింది పశువుల దవాఖానలో కాంపౌండరు. బర్రెలకూ మేకలకూ సూదులు వేసి వేసి విసిగిపోయిన ఆ మనిషికి చాలా రోజులకు ఒక వినోదం దొరికింది. "పిల్లికి షుగరా? పాలల్ల చక్కెర ఎక్కువేసినవా ఏందమ్మా?" అని, పక్కన బర్రెను పట్టుకుని నిలబడ్డ ఆసామి వైపు చూసి కన్ను గీటాడు. ఆసామి నవ్వాడు. బర్రె ఒక్కటే మర్యాదగా ఊరుకుంది.

రోగం తేలాక నవ్వినవాడు చందానగర్ బజారులో మందుల షాపతను. ఇన్సులిన్ సీసా అడిగితే, "పేషెంట్ పేరు?" అన్నాడు.

"దివాన్."

"వయసు?"

"తొమ్మిదేండ్లు."

"అయ్యో, గంత చిన్న పిలగానికా!" అని అతను నిజంగానే నొచ్చుకున్నాడు. పిలగాడు కాదు, పిల్లి అని హన్నా చెప్పింది. చెప్పకపోయినా గడిచేది, కానీ ఆమెకు అబద్ధం నోట రాదు. అంతే, ఆ జాలి అంతా ఎటు పోయిందో పోయింది. సీసాను కాగితంలో చుడుతున్నంతసేపూ అతని భుజాలు ఊగుతూనే ఉన్నాయి. రోగం అదే, మందు అదే, సీసా కూడా అదే. రోగి వయసు చెప్పినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగినవాడికి, రోగికి తోక ఉందని తెలియగానే పళ్ళెందుకు బయటపడాలి? దారి పొడుగునా హన్నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

దివాన్ ఆమెకు లింగంపల్లి స్టేషన్లో, టికెట్ కిటికీ కింద, అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికాడు. అప్పటినుంచి ఏ గదిలో కిరాయికి ఉన్నా ఇద్దరే. ముప్పై ఒక్క ఏళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోలేదని చుట్టాలు అన్న మాటలు విని, పట్టించుకోకుండా పడుకున్నది వాడొక్కడే. పసుపుపచ్చ చారలతో, ఏడు కేజీల బరువుతో, నిజంగానే దివానుగారిలా ఉండేవాడు. అలాంటివాడు ఆ వేసవిలో కుండెడు నీళ్ళు తాగుతూ, ఎప్పటిలాగే తింటున్నా వెన్నెముక తేలి, సగమయ్యాడు. నవ్వని డాక్టరు దొరికేదాకా తిరిగి, హన్నా చివరికి రాజేంద్రనగర్‌లో డాక్టర్ వెంకటరమణ దగ్గర తేలింది. ఆయన రక్తం పరీక్ష చేసి, సూది ఎలా పట్టుకోవాలో చూపించి, ఒక్క మాటే మూడుసార్లు చెప్పాడు.

"పన్నెండు గంటలకొకసారి. ముందు తిండి, తర్వాత సూది. తినకపోతే సూది వెయ్యొద్దు. ఇది తప్పితే వ్యాధి చంపేలోపే మందు చంపేస్తుంది."

పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. హన్నా పని అప్పట్లో దానికి సరిపోయింది. మాదాపూర్‌లో, కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడ కిటికీలోంచి కనిపించే ఒక ఆఫీసులో ఆమె మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలు విని టైపు చెయ్యాలి. వాటిలో సగం చక్కెర రోగులవే. ఏ ఊళ్ళోనో ఒక ముసలాయన అన్నం మానేసి ఇన్సులిన్ తీసుకుని వంటింట్లో పడిపోయాడని ఎన్నిసార్లు టైపు చేసిందో లెక్కలేదు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అక్షరం తప్పు పడితే మాత్రం ఊరుకునేవాళ్ళు కారు.

ఎనిమిదికి వెళ్ళి, నాలుగున్నరకు బయటపడి, కొత్తగూడ, హఫీజ్‌పేట మీదుగా ఆటోలు మారి ఐదున్నరకల్లా ఇల్లు చేరేది. అక్టోబరులో కొత్త క్లయింటు వచ్చాడు. వాళ్ళకు తెల్లవారేటప్పటికి మనవాళ్ళు కుర్చీల్లో ఉండాలట. ఎవరినీ అడగకుండానే హన్నా షిఫ్టు పదకొండు నుంచి ఎనిమిదికి మారింది.

పాత షిఫ్టే కావాలని ఆమె కాగితం రాసిచ్చింది. కారణం అనేచోట, "పెంపుడు పిల్లికి సాయంత్రం ఆరింటికి ఇన్సులిన్ ఇవ్వాలి" అని రాసింది. సూపర్‌వైజర్ రామబ్రహ్మం కాకినాడ మనిషి, చెడ్డవాడు కాదు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, గొంతు సవరించుకున్నాడు.

"హన్నాగారూ, మీరు మరోలా అనుకోకపోతే ఒక మాట చెబుతానండి. ఇది హెడ్డాఫీసుకు వెళ్తుంది. పిల్లికని నేను సంతకం పెడితే నా పరువేం కావాలండి? అమ్మగారికి ఇన్సులిన్ అని రాసివ్వండి, ఇప్పుడే పెట్టేస్తాను."

"మా అమ్మకు షుగర్ లేదు సార్. జహీరాబాద్‌ల పొద్దుగాల లేచి రెండు మైళ్ళు నడుస్తది. ఆమెకు లేని రోగం నేనెట్ల అంటగట్టాలె?"

"అంటగట్టడమేముందండీ, కాగితం మీద మాటే కదా."

"అంటే అబద్ధం రాస్తె సంతకం పెడ్తరు, నిజం రాస్తె పెట్టరు. గంతేనా సార్?"

అంతే. ఆ గదిలో ఒకతను సత్యనారాయణ వ్రతమని, ఇంకొకతను బావమరిది పెళ్ళిచూపులని, మూడో అతను సరిగ్గా క్రికెట్ మ్యాచ్ రోజునే కడుపునొప్పి అని సెలవులు తీసుకున్నవాళ్ళే. ఆ కడుపునొప్పిని నమ్మిన కంపెనీ ఈ పిల్లి రోగాన్ని నమ్మలేదు. కాగితంలో సంగతి ఆ సాయంత్రానికే అందరికీ తెలిసింది. మర్నాటినుంచి ఆమె కుర్చీలోంచి లేస్తే చాలు, వెనక వరసలో ఎవరో సన్నగా "మ్యావ్" అనేవారు. "దివాన్ సాబ్ ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని క్యాంటీన్లో పరామర్శలు. వారం రోజులు పంటి బిగువున ఓర్చుకుని, ఎనిమిదో రోజు ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఆ ఏడుపు చూసింది ఇంటి ఓనరు కమలమ్మ. కింద ఆమె ఉంటుంది, మీద గదిలో హన్నా. మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి దిగిపోయిన మనిషి. నర్సులు చేతులెత్తేసిన చోట నరం దొరకబుచ్చుకునేదని పేరు. సంగతంతా విని, ఆమె నవ్వలేదు.

"రోగం రోగమే గద బిడ్డా. నోరు లేనిదానికి ఇంకింత గోస. సాయంత్రం సూది నేనేస్త. నువ్వు పరేషాన్ గాకు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇవ్వని వరం ఇంటి ఓనరు ఇచ్చింది. హన్నా ఆమెకు అన్నీ చూపించింది. ఉడికిన కోడిముక్కలు ముందు, వాడు గిన్నె నాకేశాక సూది, తినకపోతే సూది లేదు. కమలమ్మ చెయ్యి ఎంత తేలికంటే, దివాన్ మూతి తుడుచుకుంటూ ఉండగానే పని అయిపోయేది. రోజూ ఏడింటికి టీ విరామంలో హన్నా ఆఫీసు ఫోన్ నుంచి కమలమ్మ ఇంటికి చేసేది. "తిన్నడు, ఏసిన, పండుకున్నడు" అని మూడు మాటలు విని, ఊపిరి పీల్చుకుని మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. ఏడు వారాలు అలాగే జరిగింది. దివాన్ కాస్త ఒళ్ళు చేశాడు కూడా.

డిసెంబరు వచ్చింది. రెండు వేల సంవత్సరం రాబోతోందని ఆఫీసులో కంప్యూటర్లకు భయం పట్టుకుంటే, చర్చిలో స్త్రీల సమాజానికి భక్తి పట్టుకుంది. పాత వెయ్యేళ్ళు పోయి కొత్త వెయ్యేళ్ళు వచ్చేముందు మూడు రోజులు ఉపవాస ప్రార్థన చెయ్యాలని, అదీ కమలమ్మ ఇంట్లోనే అని నిర్ణయించుకున్నారు. బుధవారం పొద్దున హన్నా దివాన్‌కు తిండి పెట్టి, సూది వేసి కిందికి వచ్చేసరికి చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి ఉన్నారు, ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. ప్రార్థనలు చూసే పెరిగిన పిల్ల కాబట్టి హన్నాకు అందులో వింతేమీ కనిపించలేదు. చెప్పులు పక్కకు జరిపి, దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆరోజు ఆఫీసులో క్లయింటు తరఫు మనిషి దిగాడు. రామబ్రహ్మం కొత్త టై కట్టుకుని అతని వెనకే తిరుగుతూ, ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఏడింటి టీ విరామం ఎత్తేశారు. హన్నా కుర్చీలో ఉందే కానీ మనసు కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది. ఏడూ నలభైకి ఇక ఉండబట్టలేక, లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళింది. వెనకనుంచి "మ్యావ్" రానే వచ్చింది.

"పెద్దమ్మా, సూది ఏసినవా?"

"ఆరు గొట్టంగనే ఏసిన బిడ్డా. ఏం ఫికర్ చెయ్యకు."

"మంచిగ తిన్నడా?"

"తినుడేంది? ఇయ్యాల ఉపవాసం గద, ఇంట్ల పొయ్యే ముట్టియ్యలె. మందు ఇడువద్దు గని, బువ్వ ఇడిస్తె ఏం గాదు. బైబిల్ల నీనెవె పట్నంల రాజు హుకుం ఇస్తె పసురాలు గూడ ఉపవాసం ఉన్నయట. పొద్దటి సంది అయ్యగారు వానికోసమే..."

హన్నాకు మిగతా మాటలు వినపడలేదు. "ఇప్పుడేం జేస్తున్నడు?"

"బీరువ కాడ పండుకున్నడు. కాళ్ళు జర కొట్టుకుంటున్నడు. కలొచ్చినట్టుంది."

"కల గాదు పెద్దమ్మా!" అని హన్నా అరిచిన అరుపుకు గదిలో కీబోర్డులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. "వాని ఒంట్ల చక్కెర పడిపోయింది! జల్ది చక్కెర తడిపి చిగుళ్ళకు రాయి. నోట్ల పోయకు, ఊపిరికి అడ్డం పడ్తది. వేలితోని రాసుకుంటనే ఉండు. నేనొస్తున్న."

ఫోన్ పెట్టి సంచి అందుకునేసరికి రామబ్రహ్మం ఎదురొచ్చాడు. అతని వెనక క్లయింటు మనిషి నిలబడి చూస్తున్నాడు.

"హన్నాగారూ, ఇరవై నిమిషాలండి. ఆ ఒక్క ఫైలూ అయిపోతే మీరు..."

"ఆ ఫైల్ల ఏముందో తెల్సా సార్?" ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "ఒకామె తినకుంట ఇన్సులిన్ తీసుకుని పడిపోయింది. ఎక్కడో ఏడు సముద్రాల అవతల. ఆమె కోసం ఈడ ముప్పై మందిమి కుర్చీలకెల్లి లేవకుండ కూసున్నం. నా ఇంట్ల గదే రోగంతోని ఒక ప్రాణం కొట్టుకుంటుంటె మీకు మ్యావ్ అని నవ్వొస్తది. నవ్వుండ్రి. మీ సంతకం మీ కాడనే పెట్టుకోండ్రి."

రామబ్రహ్మం పక్కకు తప్పుకున్నాడు. ఆ తప్పుకోవడం అక్టోబరులోనే తప్పుకుని ఉంటే ఎంత బాగుండేది.

కొత్తగూడ దాటాక వీధి దీపాలు లేవు. అటూ ఇటూ బండరాళ్ళు, మధ్య గుంతల రోడ్డు. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా హన్నా ఒక్కొక్కరిని తిట్టుకుంది. రామబ్రహ్మాన్ని, వెనక వరసను, మందుల షాపువాణ్ణి, కాంపౌండరును. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఎవడన్నాడో కానీ, ఇక్కడ చెలగాటం మనుషులది, సంకటం పిల్లిది. హఫీజ్‌పేట దగ్గర కమలమ్మ వంతు వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఏం చూసినట్టు ఈ ముసలామె? ఏ రాజో ఎప్పుడో హుకుం ఇచ్చాడని నా పిల్లి నోరు కడుతుందా? ఇంటికి వెళ్ళగానే అడగాల్సిన మాటలన్నీ వరుసగా పేర్చుకుంది. ఒక్కటీ మంచి మాట కాదు. మియాపూర్ దాటాక ఆమె తనను తానే తిట్టుకోవలసి వచ్చింది. ఆనాడు "అమ్మకు" అని రెండు ముక్కలు రాసి ఉంటే సాయంత్రం ఆరింటికి తానే ఇంట్లో ఉండేది. తన నిజాయితీకి వాడి ప్రాణం మీదికొచ్చింది. ఆ ఆలోచన అన్నిటికంటే ఎక్కువ మండింది.

ఇంటి తలుపు తీసే ఉంది. ఆడవాళ్ళు ఇద్దరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపల చాప మీద కమలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో దివాన్. పక్కన చక్కెర గిన్నె. ఆమె వేలు తడిపి, చక్కెరలో అద్ది, వాడి పెదవి ఎత్తి చిగుళ్ళ మీద రాస్తోంది. మళ్ళీ తడిపి, మళ్ళీ అద్ది, మళ్ళీ రాస్తోంది. హన్నా వచ్చినట్టు చూసింది కానీ చెయ్యి ఆపలేదు. దివాన్ కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో ఏమీ లేదు.

హన్నా మోకాళ్ళ మీద కూలబడి వాడి డొక్క మీద చెయ్యి వేసింది. ఊపిరి ఆడుతోంది. ఒకరి తర్వాత ఒకరు చక్కెర రాశారు. అరగంటకు వాడి నాలుక కదిలి, కమలమ్మ వేలిని ఒకసారి నాకింది. ఇంకో పావుగంటకు తల ఎత్తాడు. ఎదురింట్లోంచి తెచ్చిన పాలలో చక్కెర కలిపి పెడితే తాగాడు. ఆ తర్వాత గుడ్డు పెట్టారు. వాసన పట్టి మూతి ముందుకు చాపాడు, కానీ గిన్నె ఎక్కడుందో వాడికి కనిపించలేదు. మూతి గిన్నె అంచుకు కొట్టుకుంది.

హన్నా ఫోన్ చేస్తే డాక్టర్ వెంకటరమణ, మెదడుకు చక్కెర అందక చూపు పోయి ఉంటుందన్నాడు. కొద్ది రోజుల్లో రావచ్చు, రాకపోవచ్చు. గంట గంటకూ కొంచెం పెట్టమన్నాడు. పొద్దున సూది వెయ్యకుండా తీసుకురమ్మన్నాడు.

ఆడవాళ్ళు తలలు వంచుకుని వెళ్ళిపోయారు. హన్నా ఫోన్ పెట్టి, దివాన్‌ను తువ్వాలుతో సహా బీరువా పక్కన పడుకోబెట్టి వెనక్కి తిరిగింది. పేర్చుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"ఎందుకు జేసినవ్ పెద్దమ్మా? వాడు తినకపోతే సూది ఎయ్యొద్దని నీకెన్నిసార్లు జెప్పిన! నీకు భక్తి ఉంటే నువ్వుండు ఉపవాసం. వాడు నిన్నడిగిండా? వానికి నోరు లేదని గదా, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు జేస్తున్నరు!"

కమలమ్మ తల ఎత్తలేదు.

"తప్పే బిడ్డా. దవాఖానల పెద్ద మనుషులు ఉపవాసం ఉండి గూడ సూది ఏసుకునేటోళ్ళు. వానికి గూడ నడుస్తది అనుకున్న." చక్కెర గిన్నె పక్కకు జరిపి, మెల్లగా అంది. "పొద్దుగాల అయ్యగారు ఎవరికోసం ప్రార్థన జెయ్యాలె అని అందరినీ అడిగిండు. కొడుకులకు నౌకర్లని, బిడ్డలకు పెండ్లిళ్ళని చెప్పిండ్రు. నేను వాని పేరు జెప్పిన. అందరు నవ్విండ్రు. నవ్వొద్దని కోపం జేసి, అందరితోని వాని పేరు పలికిపిచ్చిన. ఈ మూడు దినాలు నేను వానికోసమే ఉంటున్న. వానికి బాగైతే ఆ ఆఫీసోళ్ళు నిన్ను నవ్వుడు బందైతది గదా అని. నువ్వు మెట్ల మీద కూసొని ఏడ్చిన నాడు గూడ, నేను నవ్వలే బిడ్డా."

ఎనిమిది నెలలుగా హన్నా ఈ ఊరంతా వెతికింది నవ్వని మనిషి కోసమే. ఆ మనిషి తన కింది ఇంట్లోనే ఉంది. ఆ మనిషి చేతుల్లోనే దివాన్ చచ్చి బతికాడు.

"నవ్వినా బాగుండు పెద్దమ్మా," అంది చివరికి. "బువ్వ పెట్టి నవ్వినా బాగుండు."

కమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హన్నా ఓదార్చలేదు. ఓదార్చడానికి ఆమె కోపం ఇంకా దిగలేదు. కానీ కొంగు పట్టుకున్న ఆ చెయ్యి వణకడం ఆమె చూసింది. నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని అరవై అయిదేళ్ళ చెయ్యి అది. గంటసేపు చక్కెరలో మునిగి కూడా ఒక్క పలుకు తన నోట్లో వేసుకోని చెయ్యి.

హన్నా లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించింది. గిన్నెలు అవసరానికంటే ఎక్కువ చప్పుడు చేశాయి. అన్నం వార్చి, పచ్చిపులుసు కలిపి, కంచం తెచ్చి కమలమ్మ ముందు పెట్టింది.

"తిను."

"మూడు దినాలని మొక్కుకున్న బిడ్డా. ఇడిస్తె..."

"మిగిలిన రెండు దినాలు వాని కోసం నేనుంట. నువ్వు తిను. రేపు పొద్దుగాల రాజేంద్రనగర్ దాక వాన్ని నువ్వు పట్టుకోవాలె. నీ చేతులు వణకొద్దు."

"మరి ఆఫీసు?"

"ఆఫీసుల నవ్వెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. నేను లేకున్నా నడుస్తది."

కమలమ్మ కళ్ళు తుడుచుకుని మొదటి ముద్ద కలిపింది. కంచం చప్పుడు విని దివాన్ బీరువా పక్కనుంచి లేచాడు. తడబడుతూ వచ్చి, కుర్చీ కాలుకు తల కొట్టుకుని, అక్కడే నిలబడి అటూ ఇటూ వాసన చూశాడు. హన్నా గుడ్డు గిన్నె వాడి దగ్గరికి జరిపింది. వాడు తినడం మొదలుపెట్టేదాకా కమలమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత తనూ తింది.